ఊడ్చిపెట్టిన బయలు

ఆ ఫ్లెక్సీని మా వీధిలో మొదట చూసింది నేనే. పొద్దున పాలకు పోతూ ఉంటే, మా బయలు మూలన, ముందురోజు దాకా ఏమీ లేని చోట, రెండు ఇనుప స్తంభాలకు కట్టిన ఇల్లంత బొమ్మ కనబడింది. బొమ్మలో ఒక భవనం. ముప్పై అంతస్తులట. అడుగున అంగళ్లు, సినిమా హాళ్లు, వాటి మీద ఆఫీసులు, ఆఫీసుల మీద కాపురాలు, అన్నిటికన్నా పైన ఈతకొలను. ముందర పచ్చగడ్డి మీద ఒకామె తెల్లటి కుక్కపిల్లను నడిపించుకుంటూ పోతోంది. మా ఊళ్లో కుళాయి నీళ్లు మూడు రోజులకొకసారి వస్తాయి. మేము నీళ్లలో మునగాలంటే బస్సెక్కి మహానందికి పోవాలి. ఆ గడ్డికి నీళ్లు ఎవరు పోస్తారు, ఆ పైకొలను నింపడానికి ఏ తల్లి బిందె మోస్తుంది అని అక్కడే నిలబడి గట్టిగా అడిగాను. పాల అంగడాయన విని నవ్వాడు. నాకు మాత్రం పొద్దున్నే ఒళ్లు మండిపోయింది.

బొమ్మ పక్కన ఇంకో మాట రాసి ఉంది. పై అంతస్తుల ఇళ్ల నుంచి నల్లమల కొండలు కనబడతాయని. మాకవి నేల మీది నుంచే కనబడతాయి. వాన వెలిసిన రోజు బయలు తూర్పు అంచున నిలబడితే, అహోబిలం దిక్కు కొండలు చిన్నపిల్లలకు కూడా కనబడతాయి. ఈ భవనం లేచిందంటే కనబడకుండా పోయేది మాకే. మాకు ఊరికే దొరికే చూపును మా దగ్గర నుంచి లాక్కుని, పైన పెట్టి అమ్ముతారన్నమాట.

మాది కర్నూలు నుంచి కడపకు పోయే దారిలో ఒక నేతగాళ్ల ఊరు. ఇప్పుడు దాన్ని ఊరంటే మునిసిపాలిటీవాళ్లకు కోపం వస్తుంది, పట్టణం అనాలి. మా తాతల కాలంలో ఈ బయలు ఊరి బయట ఉండేదట. తర్వాత ఒక పక్క బస్టాండు వచ్చింది, ఇంకో పక్క బంగారం అంగళ్లు వచ్చాయి, దక్షిణాన ఆసుపత్రులు వచ్చాయి. బయలు ఎక్కడికీ కదల్లేదు. ఊరే దాని చుట్టూ తిరిగొచ్చి, దాన్ని తన నడిబొడ్డున కూర్చోబెట్టింది. పొడవుగా, సన్నగా, రెండు వరసల వేపచెట్ల నడుమ ఉంటుంది. కాగితాల్లో అది సర్కారు స్థలం. మా నోట్లో పడుగుల బయలు.

చీరలో నిలువునా పోయే దారాల వరసను పడుగు అంటారు. మగ్గం ఎక్కించే ముందు ఆ పడుగును బారుగా సాగదీసి, గంజి చల్లి, పెద్ద కుంచెతో దువ్వాలి. అప్పుడే పోగు గట్టిపడి, మగ్గం మీద అడ్డపోగు మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే నాడె దెబ్బలకు తెగకుండా నిలబడుతుంది. ఆరు చీరల పడుగు పరిస్తే వంద అడుగుల పైనే పోతుంది. అంత పొడుగు ఇల్లు మాలో ఎవరికీ లేదు. రెండు చివర్లా గుంజలు పాతి, నడుమ కత్తెరలా కట్టిన వెదురు కర్రల మీద పడుగును నిలబెట్టి, ఇద్దరు మనుషులు కుంచెను చెరో వైపు పట్టుకుని, ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. ఆడవాళ్లు అటూ ఇటూ కూర్చుని తెగిన పోగులు ముడేస్తారు. ఇదంతా ఎండ ముదరక ముందే అయిపోవాలి. ఎండ తగిలితే గంజి పట్టిన నూలు పెళుసెక్కి విరిగిపోతుంది. అందుకే చుక్కలుండగానే లేచి పోయేవాళ్లం, ఎనిమిది కొట్టేసరికి పడుగు చుట్టుకుని ఇంటికొచ్చేవాళ్లం.

పడుగును దాటకూడదు. దాటితే మా అమ్మ చేతిలో గంజి చెంబు ఉందో, చీపురు ఉందో కూడా చూసుకునేది కాదు, విసిరేది. అవతలికి పోవాలంటే వంద అడుగులూ చుట్టి రావాలి. బడికి ఆలస్యమైపోతున్నా సరే, పలకా పుస్తకాలూ పట్టుకుని చుట్టి వచ్చేదాన్ని.

మా నాయనకు ఇంకో నియమం ఉండేది. ఆయనకే కాదు, మొత్తం వీధికి. పడుగు లేపాక గుంజలు పీకి భుజాన వేసుకుని ఇంటికి తేవాలి. గుంత పూడ్చాలి. రాలిన పోగులు ఏరి, కసువు ఊడ్చి, నేల మీద ఎవరి ఆనవాలూ పోల్చుకోలేనట్టు చేసి రావాలి. గుంజ అక్కడే వదిలేస్తే ఏమవుతుంది, రేపు మళ్లీ పాతేది అదే చోట కదా అని చిన్నప్పుడు అడిగాను. మా నాయన కోప్పడలేదు గానీ, ముఖం మాత్రం ఒక రకంగా పెట్టాడు.

"గుంజ వదిల్తే అది మన సోటు అయిపోతాది పాపా. రేపు ఇంకొకడు గుంజ వదుల్తాడు, అది వాని సోటు అయితాది. అప్పుడు బయలు యాడుంటాది? ఈడ ఎవురి గుర్తూ ఉండగూడదు."

నేను మగ్గం మీద కూర్చోలేదు. చదువుకుని టీచరునయ్యాను. సర్కారు బళ్లలో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయి, అన్న ఇంటికి రెండిళ్ల అవతల ఉంటున్నాను. అన్నా వదినా ఇప్పటికీ నేస్తారు. ఆ ఇంట్లో కూడు పెట్టేది ఆ మగ్గమే. నిజం చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను, బయలుకు వచ్చే ఇళ్లు ఇప్పుడు పన్నెండే. మిగతావాళ్లు మరమగ్గాలకు మారారు, కొందరు మిల్లు గంజి పెట్టిన పడుగులు కొనుక్కుంటున్నారు, ఇద్దరైతే మగ్గం అమ్మేసి పత్తికొండ టమాటా మార్కెట్టులో గంపలెత్తుతున్నారు. అన్న నేసే సన్నపు నూలుకు మిల్లు గంజి పనికిరాదు. చేత్తో పెట్టిన గంజి వాసన చూసి మరీ ఆ చీర కొనే అంగడివాళ్లు ఉన్నారు. బయలు పోతే ఆ పన్నెండు మగ్గాలు ఆగిపోతాయి. అందులో ఒకటి మా నాయన కూర్చున్న మగ్గం.

ఫ్లెక్సీ కట్టిన పది రోజులకు మునిసిపల్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఫలానా రోజు పదకొండు గంటలకు అధికారులు వచ్చి స్థలాన్ని చూస్తారని, అభ్యంతరాలు ఉన్నవాళ్లు చెప్పుకోవచ్చని. వీధి అంతా నా అరుగు మీదికి వచ్చింది. మాలో కాగితం చదివి అర్థం చేసుకునేది నేనొక్కదాన్నే అని వాళ్ల నమ్మకం. నా నమ్మకం కూడా అదే, పాడు నమ్మకం.

ఇక్కడ నేను చేసిన పని రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు. ముప్పై ఏళ్లకు పైగా బళ్లో పనిచేసినదాన్ని. ఇన్‌స్పెక్షనంటే మాకు ఒకటే తెలుసు. ముందురోజే బడి ఊడిపించాలి, బూజు దులిపించాలి, ముగ్గేయించాలి, పిల్లల చిత్తుకాగితాలు కనబడకూడదు. వచ్చిన సారు ఒకసారి చుట్టూ చూసి "శుభ్రంగా ఉంది" అంటే చాలు, మా బడికి మంచి రోజు. అదే బుద్ధితో చెప్పాను.

"సార్లు వస్తున్నారు. ఆ రోజు ఎవరూ పడుగులు పరచొద్దు. గంజి మరకలు కనబడకుండా కడిగి, ఊడ్చి, కల్లాపి చల్లండి. మనం ఈ నేలను ఎంత బాగా చూసుకుంటున్నామో వాళ్లకు తెలియాలి."

ఎవరూ కాదనలేదు. కాదనడానికి వాళ్లకూ ఏముంది, ఇంటికి మనిషి వస్తున్నాడంటే వాకిలి ఊడ్చే జాతి. పన్నెండిళ్లవాళ్లూ ఆ రోజు పని మానుకున్నారు. వదిన తక్కిన ఆడవాళ్లను వెంటేసుకుని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఊడ్చింది. బయలు మొదట్లో పద్మం ముగ్గు వేసింది. అన్న ఉతికిన పంచె కట్టుకుని, టెంకాయ నీళ్లు తెప్పించి పెట్టాడు.

ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్తుడే, అమ్మా అయ్యా అనే మాట్లాడాడు. ఆయనతో కంపెనీ మనిషి ఒకాయన, హైదరాబాదు నుంచి వచ్చినట్టున్నాడు, మాటకు ముందు నవ్వు. టెంకాయ నీళ్లు తాగారు. ఫోనుతో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీశారు. మేము చెప్పిందంతా విన్నాడు ఆఫీసరు, తల కూడా ఊపాడు. పోయేటప్పుడు వేపచెట్ల కింద నిలబడి చుట్టూ చూసి అన్నాడు.

"చాలా నీట్‌గా పెట్టుకున్నారమ్మా."

అన్న ముఖం వెలిగిపోయింది. నాకు కూడా లోపల ఎక్కడో, ఇన్‌స్పెక్షను బాగా జరిగిందన్న పాత సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

నెల తర్వాత రిపోర్టు నకలు నా చేతికి వచ్చింది. మునిసిపల్ ఆఫీసు వరండాలో నిలబడి చదివాను. ఖాళీ స్థలం. నిర్మాణాలు లేవు. ప్రస్తుతం ఎలాంటి వినియోగమూ లేదు. వెనక నాలుగు ఫోటోలు. ఒకదాంట్లో వదిన వేసిన ముగ్గు. దాని వెనక వంద గజాల పొడవునా ఒక్క పుల్లైనా లేని నేల.

మా నోటితో మేము చెప్పుకున్నది ఒక్క ముక్కా ఆ కాగితంలో లేదు. మా చీపురు చెప్పింది మాత్రం పూర్తిగా రాసుకున్నారు. గుమాస్తా బల్ల ముందుకు పోయి అరిచాను. మూడు తరాల మనుషులు నడిచి నడిచి గట్టిపడిన నేల అది, అక్కడ గడ్డి ఎందుకు మొలవదో మీ ఆఫీసరు ఒక్కసారైనా అడిగాడా అన్నాను. గుమాస్తా నా దగ్గర ఏడో తరగతి చదివినవాడే. లేచి నిలబడ్డాడు గానీ, ఏమీ చేయలేకపోయాడు.

"నేనేం చేసేది టీచరమ్మా. ఫొటోలో ఏముంటే అదే రాస్తారు. ఫంక్షన్ హాల్లో మీటింగు పెడ్తాండారు, ఆడ అడగండి."

మీటింగుకు పోయాము. చల్లటి హాలు, తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలు, తలా ఒక నీళ్ల సీసా. నడుమ బల్ల మీద అద్దాల పెట్టెలో ఆ భవనం బొమ్మ, మనిషంత ఎత్తున, లోపల దీపాలు పెట్టి. మా వీధి ఉండాల్సిన చోట పచ్చరంగు స్పాంజి చెట్లు అతికించారు. నా ఇల్లు ఒక చెట్టు కింద పోయింది. కంపెనీ మనిషి మైకు పట్టుకుని, ఈ భవనం గోడలు మీ నేత అల్లికలాగే కట్టిస్తున్నాం, పడుగూ పేకా అన్నీ గాజుతోనూ అల్యూమినియంతోనూ వస్తాయి, మీ కళకు ఇంతకన్నా గౌరవం ఏముంటుంది అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్లలో మా వీధి పిల్లలు కూడా ఉన్నారు. వాళ్లను నేను తిట్టలేను. సినిమా చూడాలంటే వాళ్లు ఇంకో ఊరికి పోతున్నారు, ఉద్యోగం కావాలంటే బెంగళూరుకు పోతున్నారు. లిఫ్టు ఉన్న ఆసుపత్రి వస్తే నా మోకాళ్లకు కూడా సుఖమే. ఊరికి భవనం వద్దని నేనెప్పుడూ అనలేదు. బస్టాండు వెనక మూతపడిన నూనె మిల్లు స్థలం ముళ్లకంపతో నిండి ఉంది, అక్కడ కట్టుకుంటే ఎవరు కాదన్నారు? అది ఒక పెద్ద మనిషిది, ఆయన్ను అడగాలి. మమ్మల్ని అడగక్కర్లేదు.

చివర్లో కంపెనీ మనిషి మా వైపు తిరిగాడు. కింది అంతస్తులో ఒక అద్దాల గది కడతామని, అందులో మగ్గం పెట్టి, మీలాంటి పెద్దవాళ్లనే కూర్చోబెట్టి నేయిస్తామని, వచ్చినవాళ్లందరూ చూస్తారని చెప్పాడు. అన్న లేచి నిలబడ్డాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు.

"కూర్చోని నేస్తాము సామీ. నేసేదానికి పడుగు కావాల గదా. ఆ పడుగు యాడ పర్సుకోవాల?"

కంపెనీ మనిషి ఒక్క నిమిషం ఆలోచించి, కారిడారు చాలా పొడవుగా ఉంటుంది పెద్దాయనా, పైగా ఏసీ అన్నాడు. హాల్లో కొందరు నవ్వారు. అన్నకు వాళ్లెందుకు నవ్వారో అర్థం కాలేదు.

"గంజి నేలకు కార్తాది సామీ. గాలాడాల. పొద్దుటి ఎండ పలసగా తగలాల. మూసిన సోట మురుగు వాసన పడ్తాది" అని చిన్నపిల్లవాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పుకుంటూ పోయాడు. అప్పటికే ఆ మనిషి ఇంకొకరి ప్రశ్నకు తిరిగిపోయాడు. అన్న చెప్పడం ఆపలేదు. నేనే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. ఆ మనిషి మీద నాకు వచ్చిన కోపం అప్పుడు నా పళ్ల మధ్యే ఆగిపోయింది, అది నా తప్పు, అక్కడే అరిచి ఉండాల్సింది.

ఇంటికొచ్చి అర్జీ రాశాను. బయలు వాడకం తెల్లవారుజాము నుంచి ఎనిమిది దాకా అని, అధికారులు పొద్దున ఆరు గంటలకు వచ్చి చూడాలని, లేకుంటే రిపోర్టు తప్పవుతుందని. పన్నెండిళ్లవాళ్లూ సంతకాలు పెట్టారు. జవాబు వచ్చింది. రెండోసారి చూస్తారట. టైము, పదకొండు గంటలు. నేను మళ్లీ గుమాస్తా దగ్గరికి పోయాను.

"ఆరు గంటలకు గవర్నమెంటు లేస్తాదా టీచరమ్మా?" అన్నాడు వాడు, పాపం ఎకసెక్కానికి కాదు, నిజంగానే అడిగాడు.

ఆ మాట అన్నకు చెప్పాను. అన్న రాట్నం పక్కన కూర్చుని చేతిలోని నూలు చుట్టడం పూర్తి చేశాడు. తర్వాత వదిన వైపు చూసి అన్నాడు.

"ఆ పొద్దు పడుగు ఎత్తొద్దు. పదకొండుదాకా అట్లే పెడదాం."

"ఎండలోనా? నీకేమన్నా మతి పోయిందా? నూలు మాడి పటపటా తెగిపోతాది" అంది వదిన.

"పోనీ. సూడనీ వాళ్లు."

"ఇంకొకరిది పెట్టరాదా, మనదే ఎందుకు?"

"పాప సెప్పిన మాటకు ఊడ్సింది మనం గదా ముందు."

నా తప్పును ఆయన తన నెత్తిన వేసుకుంటున్నాడని నాకు అర్థమైంది. వద్దన్నాను, పాత చీరల పోగులేవైనా కట్టి చూపిద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. సార్లకు దొంగపడుగు చూపించకూడదట. అంత నిజాయితీ ఎవరి కోసమో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు నడి వేసవి. చీకటితోనే అన్నా వదినా గుంజలు పాతి పడుగు పరిచారు. ఆరు చీరల సన్నపు నూలు, గంధం రంగు. ఏడున్నరకు దువ్వడం అయిపోయింది. మామూలుగా అయితే చుట్టేయాలి. చుట్టలేదు. తొమ్మిదికి ఎండ చురుక్కుమంది. పదికి అన్న తడిగుడ్డ పిండి నీళ్లు చిలకరిస్తూ ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూనే ఉన్నాడు. పదకొండుకు మొదటి పోగు తెగింది. ఆ చప్పుడు చిన్నదే, కానీ నేత ఇంట్లో పుట్టినవాళ్లకు అది నిద్రలో కూడా వినబడుతుంది. వదిన పరుగెత్తి ముడేసింది. ముడేస్తుంటే పక్కది తెగింది. పన్నెండు దాటింది. అప్పటికి వదిన ముడేయడం మానేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఫోను చేస్తూనే ఉన్నాను. దారిలో ఉన్నారు, దారిలో ఉన్నారు అనే జవాబు.

పన్నెండున్నరకు కారొచ్చింది. ఆఫీసరు గొడుగు పట్టించుకుని దిగాడు. కంపెనీ మనిషి ఫోనులో మాట్లాడుతూ నేరుగా నడిచొచ్చి, బూటుకాలు ఎత్తి పడుగును దాటి అవతల నిలబడ్డాడు. పన్నెండిళ్ల మనుషులూ ఒక్కసారి "అయ్యో" అన్నారు. ఆయనకు అది వినబడలేదు. ఆఫీసరు మాత్రం ఆ అరుపుకు ఆగిపోయి, చుట్టూ నడిచి వచ్చాడు. ఆ ఒక్క పనికి ఆయన్ను నేను పూర్తిగా తిట్టుకోలేను.

"ఇది ఎప్పటి నుంచి పెట్టారు?" అని అడిగాడు.

"మా తాత కాలం నుంచి సార్" అన్నాడు అన్న.

ఆఫీసరు ఫోను తీసి, మొదటిసారి తీసిన ఫోటో చూపించాడు. ముగ్గు, వెనక ఊడ్చిన నేల.

"అప్పుడు లేదు కదా మరి? అంటే ఈమధ్యే పెట్టారనే కదా నేను అనుకోవాలి."

నా నోటికి హద్దు లేకుండా పోయింది. "నేనే ఊడిపించాను! మీరు వస్తున్నారని, మీకు మర్యాద చేయాలని ఊడిపించాను! మా ఇంటికొచ్చి మా ముగ్గు తొక్కి, ఇక్కడ మనుషులే లేరని రాసుకుంటారా?" అని అరిచాను. ఆఫీసరు తలొంచుకుని విన్నాడు. తర్వాత అన్ననే అడిగాడు.

"శాశ్వతంగా ఏదైనా ఉందా పెద్దాయనా? ఒక గోడ, ఒక గుంజ, ఏదైనా సరే. ఎప్పుడూ ఇక్కడే ఉండేది?"

"ఉంచగూడదు సార్. ఉంచితే తప్పు."

"ఎవరు చెప్పారు తప్పని?"

"మా నాయన."

ఆఫీసరు రాసుకునే కాగితం వైపు చూశాడు. అది రాయడానికి అందులో చోటు లేదు. మేమెవరమూ ఈ నేల మాదని అనలేదు కాబట్టి ఇది మాకు లేకుండా పోతోంది. నాలుగు రాళ్లు పాతి కబ్జా చేసుకున్నవాడికి నోటీసిస్తారు, పిలిచి మాట్లాడతారు, ఇంకో చోట స్థలం చూపిస్తారు. వాడుకుని, ఊడ్చి, పక్కవాడికి వదిలిపెట్టినవాడికి ఏమీ ఇవ్వరు. వాడు అసలు లేడు. ఇంత అన్యాయపు లెక్క ఏ బళ్లో నేర్పిస్తారో నాకు తెలియదు, నా బళ్లో మాత్రం నేర్పలేదు.

రెండో రిపోర్టులో ఏం రాశారో చెబుతాను. మొదటిసారి ఖాళీగా ఉన్న స్థలంలో ఇటీవల తాత్కాలిక ఆక్రమణ జరిగింది. అంతే. మా అన్న పేరు కూడా రాయలేదు, ఒక వ్యక్తి అని రాశారు. భవనం సంగతి ఇంకా పై ఆఫీసులో ఉందట. ఫ్లెక్సీ ఎండకు వెలిసింది గానీ, దించలేదు. కోర్టుకు పోదామని వకీలును కలిశాను. ఆయన కూడా అదే అడిగాడు, గుర్తేమైనా ఉందా అని.

ఆ రోజు కారు పోయాక పడుగును చుట్టబోతే చేతిలోనే విరిగింది. ఆరు చీరల్లో రెండు కూడా దక్కలేదు. మిగిలిన నూలు వదిన మూటగట్టి నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. నేను వెనకే పోయాను. సాయంత్రం దాకా అన్న రాలేదు. వచ్చేసరికి భుజం మీద ఏమీ లేదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి, మా నాయన గానీ అన్న గానీ బయలు నుంచి ఖాళీ భుజంతో రావడం నేను చూడలేదు.

"గుంజలు యాడ?" అంది వదిన.

"ఆడనే ఉండాయి."

"మర్సిపోయి వచ్చినావా?"

"లేదు. వదిలి వచ్చినా."

వదిన లోపలికి పోయి చెంబు తెచ్చింది. కాళ్లకు నీళ్లు ఇచ్చింది. అన్న కాళ్లు కడుక్కుని, మా నాయన ఫోటో ఉన్న గదిలోకి పోకుండా బయట అరుగు మీదే భోజనం చేశాడు.

వారం తిరిగేసరికి బయల్లో ఇరవై నాలుగు గుంజలయ్యాయి, ఇంటికి రెండు చొప్పున. ఎవరూ పీకడం లేదు. ఒకాయన తన గుంజకు ఎర్రరంగు పూసుకున్నాడు. ఇంకొకాయన సిమెంటు పోశాడు. మొన్న ఇద్దరు వరసైనవాళ్లు, పుట్టినప్పటి నుంచి ఒకరి పడుగుకు ఒకరు కుంచె పట్టినవాళ్లు, నీ గుంజ నా వైపుకు అడుగు జరిగిందని కాలర్లు పట్టుకున్నారు. విడిపించబోయి నేనే నాలుగు మాటలు పడ్డాను. మా నాయన ఏం జరుగుతుందన్నాడో సరిగ్గా అదే జరిగింది. దానికి ముప్పై అంతస్తుల భవనం లేవాల్సిన పని కూడా లేకపోయింది, దాని బొమ్మ చాలింది.

ఈ పొద్దున మా వంతు కసువు. దువ్వడం అయ్యేసరికి అన్నకు ఒంట్లో బాగాలేదంటే, వదినకు తోడు నేను పోయాను. పడుగు లేపాక చీపురు తీసుకున్నాను. నాలుగు బారలు ఊడ్చేసరికి చీపురు అన్న గుంజకు తగిలింది. చుట్టూ గంజి చుక్కలు, తెగిన గంధపు రంగు పోగులు, అన్న అరికాళ్ల గుర్తులు. పిల్లలకు ముప్పై ఏళ్లు శుభ్రత పాఠం చెప్పినదాన్ని, చీపురు పక్కన పడేశాను. ఊడ్చినంత మేర కూడా కాలితో మళ్లీ చెరిపి, వదిన ఏరిన పోగులు తీసుకుని నేల మీద చల్లాను.

"ఏం జేస్తాండావు టీచరమ్మా?" అంది వదిన.

"ఉండనీ వదినా. ఇంకోసారి ఫోటో తీస్తే కనబడనీ."

ఇంటికి తిరిగొస్తుంటే ఏడుపొచ్చింది. ఆ నేలను అంత మురికిగా వదిలిపెట్టి రావడం నా జీవితంలో అదే మొదటిసారి.